తిట్టుకుంటే చదువు రాదు

సంపాదకులకు,

ఆర్యా,

పోటీ పరీక్షలు రాసేవారికి సలహాలిస్తూ మీ విద్యా పేజీలో ఈ మధ్య ఒక వ్యాసం ప్రచురించారు. ఫలితం అందని రోజున అద్దం ముందు నిలబడి “నేను సోమరిని, చేతకానివాణ్ణి” అని గట్టిగా చెప్పుకోవాలట. ఆ అవమానం లోపల రగులుతూ ఉంటేనే వచ్చే ఏడాది ఉద్యోగం వస్తుందట. శ్రీకాళహస్తి నుంచి వచ్చి తిరుపతిలో గది అద్దెకు తీసుకుని గ్రూప్-2కు చదువుతున్న ఒక అబ్బాయి ఆ వ్యాసాన్ని కత్తిరించి నా దగ్గరకు తెచ్చాడు. “ఇది నేను ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాను కదా మేడమ్, మరి ఎందుకు పని చేయడం లేదు?” అని అడిగాడు. వెటకారంగా అడగలేదు, నిజంగా తెలియక అడిగాడు. జవాబు చెప్పవలసింది వ్యాసకర్త. ఆయన చెప్పేలోగా నాకు తెలిసింది రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, దయచేసి చోటివ్వండి.

నేను బాలాజీ కాలనీలో ఉంటాను. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదువుకున్నాను. వారంలో కొన్ని రోజులు శ్రీసిటీ వైపు పరిశ్రమల్లో సూపర్‌వైజర్లకు శిక్షణ ఇస్తాను. మిగిలిన సాయంత్రాలు మా మేడ మీది గదిలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడతాను. ఈ పనిని ఇప్పుడు కోచింగ్ అంటున్నారు. బోర్డు చూసి, లెక్కలు చెబుతారా అని అడిగి, చెప్పనంటే వెళ్లిపోయేవారూ ఉన్నారు. ఉద్యోగం మారాలనుకునేవారు, పెళ్లితో ఆగిన చదువును మళ్లీ మొదలుపెట్టేవారు, పదోన్నతి వచ్చాక మనుషులతో వేగలేకపోతున్నవారు నా దగ్గరకు వస్తారు. వయసులు వేరు, పనులు వేరు. మొదటి అరగంటలో వినబడే మాట మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: “అంతా నా వల్లే.”

పాకాల వైపు ఒక పల్లె నుంచి వచ్చే అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె ఒప్పుకున్నాకే, ఎవరో తెలియకుండా వివరాలు కొంత మార్చి రాస్తున్నాను. ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతూ డీఎస్సీకి చదివింది. మెగా డీఎస్సీలో దశాంశాల తేడాతో జాబితా బయట మిగిలిపోయింది. వచ్చి కూర్చోగానే “ఏడేళ్లు తగలేశాను, నా మొహానికి ఉద్యోగం ఒకటా” అంది.

ముందు ఆ ఏడేళ్ల లెక్క చూద్దామని కాగితం తీశాం. 2018 తరువాత మన రాష్ట్రంలో నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ 2025లోనే జరిగింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన రద్దయింది. 2025 ఏప్రిల్ ప్రకటనలో పోస్టులు 16,347. దరఖాస్తు చేసినవారు 3 లక్షలకు పైగా. ఎవరెంత చదివినా సరే, ఫలితాల రోజున రెండున్నర లక్షల మందికి పైగా ఖాళీ చేతులతో మిగలక తప్పదు. “వాళ్లందరి మొహాలూ అంతేనా అమ్మా?” అని అడిగితే అప్పుడు తల ఎత్తింది. ప్రకటనే లేని ఏళ్లను కూడా ఆమె తన బద్ధకం ఖాతాలోనే రాసుకుంది.

ఇక్కడితో ఆపితే అది ఓదార్పు. చుట్టాలు చేయగలిగిన పనే. కాగితం రెండో వైపున, ఆమె చేతిలో ఉన్నవి రాయమన్నాను. తిట్లన్నీ అయిపోయాక అసలు సంగతి బయటపడింది. విద్యా దృక్పథాల భాగం అంటే ఆమెకు విసుగు. దాన్ని చివరి వారం దాకా నెట్టింది. నమూనా పరీక్షలు రాసింది కానీ, తప్పిన ప్రశ్నల దగ్గరకు తిరిగి వెళ్లలేదు. వెళితే “చూశావా, నువ్వింతే” అనే గొంతు లోపల మొదలవుతుంది. అది వినలేక పేపరును దిండు కింద పెట్టి పడుకునేది.

నా ఉత్తరమంతా ఈ దిండు కింది పేపరు గురించే. తనను తాను తిట్టుకునే మనిషి తన తప్పును చూడడు. చూస్తే దెబ్బలు పడతాయని తెలుసు కనుక తప్పించుకుని తిరుగుతాడు. “నేను పనికిరాను” అనే మాట ఎంత కటువుగా ఉన్నా, అందులో తెలుసుకోవడానికేమీ లేదు. “విద్యా దృక్పథాలను వాయిదా వేశాను” అన్నది మామూలు మాటే, కానీ రేపు ఉదయం ఏ పుస్తకం తెరవాలో అది చెబుతుంది. మీ వ్యాసకర్త అభ్యర్థుల నుంచి మరీ ఎక్కువ కాఠిన్యం కోరుతున్నారని నేను అనడం లేదు. ఆయన కోరేది చాలా తక్కువ. అద్దం ముందు తిట్టుకోవడం తేలిక. తప్పిన ప్రశ్నను మళ్లీ చదవడం కష్టం.

పరిశ్రమల్లోనూ ఇదే చూస్తాను. యంత్రం ఆగిపోతే కారణం వెతకడానికి టయోటా వాళ్లు వాడుకలోకి తెచ్చిన “ఐదు ఎందుకులు” పద్ధతి మన సూపర్‌వైజర్లకు కంఠతా వచ్చు. బెల్టు ఎందుకు తెగింది, నూనె ఎందుకు వేయలేదు, వేయవలసిన మనిషికి ఎవరూ ఎందుకు చెప్పలేదు, ఇలా ఐదో ప్రశ్నకు వచ్చేసరికి ఏదో ఒకటి దొరుకుతుంది. యంత్రాన్ని ఎవరూ తిట్టరు. అదే సూపర్‌వైజరు షిఫ్టు మారేటప్పుడు రిజిస్టరులో ఒక విషయం రాయడం మరిచిపోతే, తనను ఒక్క “ఎందుకు” కూడా అడగడు. “నా బుర్ర పని చేయదు” అని తేల్చేసుకుంటాడు. తేల్చుకుని ఊరుకోడు కూడా. మర్నాడు అదే కోపంతో కిందివాళ్ల మీద పడతాడు. అలాంటి మనిషి కింద పని చేసినవారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

తప్పును పట్టించుకోవద్దని నేను అంటున్నానని ఎవరైనా అనుకుంటే కాణిపాకం వెళ్లి చూడమంటాను. స్వామి ముందు లెంపలు వేసుకుంటాం, గుంజీలు తీస్తాం. తప్పు ఒప్పుకోవడం అక్కడ నిజంగానే జరుగుతుంది. మందు మానేస్తానని ప్రమాణం చేసి మాట నిలుపుకున్నవారు మన జిల్లాల్లో ఎంతమందో. కానీ లెంపలు ఎంతసేపు వేసుకుంటాం? ఆ తరువాత ప్రసాదం తీసుకుని బస్సెక్కుతాం. గంటసేపు లెంపలు వేసుకుంటూ నిలబడితే వెనక వరుసలోవాళ్లు ఊరుకోరు. నా దగ్గరకు వచ్చేవారు ఏళ్ల తరబడి వరుస కదలకుండా అక్కడే నిలబడిపోయినవారు.

ఇక శాస్త్రం మాట. తన పట్ల కరుణ అనే భావాన్ని 2003లో పరిశోధనా వ్యాసాల్లో నిర్వచించి, దాన్ని కొలవడానికి 26 ప్రశ్నల కొలమానం తయారుచేసిన వ్యక్తి అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్. ఆమె చెప్పినవి మూడు. కష్టంలో ఉన్న తనతో దయగా ఉండటం, ఇది మనుషులందరికీ జరిగేదేనని గుర్తుంచుకోవడం, బాధను దాచకుండా పెంచకుండా ఉన్నంతగానే చూడటం. డీఎస్సీ లెక్క నేను ఊరికే తీయలేదు; రెండోది అదే.

బుజ్జగించుకుంటే బద్ధకం రాదా అని అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2012లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ దీన్నే పరీక్షించారు. విద్యార్థులకు చాలా కష్టమైన పదజాల పరీక్ష పెట్టారు. రాయలేకపోయిన వారిలో కొందరికి, ఇది చాలామందికి కష్టమే, నిన్ను నువ్వు మరీ తిట్టుకోకు అని చెప్పారు. మరికొందరికి, ఈ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందంటేనే నువ్వు తెలివైనవాడివి అని చెప్పారు. ఇంకొందరికి ఏమీ చెప్పలేదు. రెండో పరీక్షకు ముందు ఎవరు ఎంతసేపు చదువుకున్నారో చూస్తే, మొదటి గుంపు మిగతా రెండు గుంపుల కంటే ఎక్కువసేపు చదివింది. పొగడ్త విన్నవారి కంటే కూడా! ఇక్కడ మీ వ్యాసకర్తతో పాటు, “నువ్వు సింహానివి” అని వేదికల మీద అరిచే ఉపన్యాసకులు కూడా కాస్త ఆలోచించాలి. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు “నేను ప్రేమకు అర్హమైన మనిషిని” అని పదేపదే చెప్పుకుంటే వారి మనసు ఇంకా కుంగింది. లోపల ఎవరూ నమ్మని మాటను బయట ఎంత గట్టిగా చెప్పినా ఏం లాభం.

మరి నేను ఏం చేస్తానని మీరు అడగవచ్చు. ముందుగా, ఆ తిట్టును మానుకోమని చెప్పను. అలా చెబితే “తిట్టుకోవడం కూడా మానుకోలేకపోతున్నాను” అని మరో తిట్టు చేరుతుంది. “ఈ గొంతు రేపటి నుంచి ఆగిపోతే ఏమవుతుందని నీ భయం?” అని అడుగుతాను. ఎక్కువమంది “సోమరినైపోతాను” అంటారు. బంగారుపాళ్యం వైపు మామిడి రైతు కొడుకు మాత్రం చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, “నాన్న అప్పు మరిచిపోతానేమో” అన్నాడు. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చిన సీజను అది. ఆ తిట్టు అతనికి శత్రువు కాదు. తండ్రి మీది ప్రేమే ఆ రూపంలో కాపలా కాస్తోంది. అప్పు గుర్తుండటానికి తిట్లు అక్కరలేదు నాయనా, బ్యాంకు నోటీసు చాలు అంటే నవ్వాడు. కాపలా దేనికో తెలిసిన తరువాత మాట్లాడుకోవడం సులువైంది. ప్రేమను ఉంచుకుని, ఆ భాషను మార్చుకోవడమే అతనికి మిగిలిన పని.

ఈ విషయంలో పుస్తకాలన్నీ చెప్పే ప్రశ్న ఒకటుంది. నీ స్నేహితుడికి ఇదే జరిగితే ఏమంటావు? మన దగ్గర నేను దాన్ని “నీ చెల్లెలు ఇదే ఫలితంతో ఇంటికి వస్తే?” అని అడుగుతాను. సగం మందికి పని చేస్తుంది. మిగతావారు “దాన్ని కూడా ఇలాగే తిడతాను” అని నిజాయతీగా చెబుతారు. వాళ్లు పెరిగిన ఇళ్లలో ప్రేమకు వేరే భాష లేదు మరి. తొంభై ఆరు వస్తే మిగతా నాలుగు ఎక్కడ అని అడిగిన ఇళ్లు. అలాంటివారిని వేరే దారిలో అడుగుతాను: చిన్నప్పుడు నువ్వు ఏదో పాడు చేసి ఇంటికి వచ్చిన రోజున, ఏమీ అడగకుండా నీకు అన్నం పెట్టిన మనిషి ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు లేనివారు చాలా అరుదు. ఎక్కువమందికి అవ్వ గుర్తుకు వస్తుంది. ఒకరికి హాస్టల్లో వంట చేసే ఆవిడ, ఒకరికి డ్రిల్లు మాస్టారు. ఆ మనిషి ఇప్పుడు ఇక్కడ ఉంటే ఏమంటారో, ఆమె మాటల్లోనే, ఆమె పిలిచే పిలుపుతోనే రాయమంటాను. గ్రూప్-1కు అంతర్జాతీయ సంబంధాల మీద పది పేజీలు రాయగలిగిన మనిషికి ఆ నాలుగు వాక్యాలు రాయడానికి అరగంట పడుతుంది.

రాసినదాన్ని పైకి చదవమన్నప్పుడు అసలు చిక్కు తెలుస్తుంది. మాటలు అవ్వవి, గొంతు మాత్రం ఇన్విజిలేటరుది. “ఏం కాదులే బంగారూ, లేచి నాలుగు ముద్దలు తిను” అన్న వాక్యాన్ని హాల్ టికెట్ నిబంధనలు చదివినట్టు చదువుతారు. దీన్ని మొదట గమనించింది నేను కాదు. బ్రిటన్‌కు చెందిన క్లినికల్ సైకాలజిస్ట్ పాల్ గిల్బర్ట్ తన రోగుల్లో ఇదే చూశారు. వారు తమ ఆలోచనల్లో తప్పేమిటో తర్కంతో పట్టుకోగలిగేవారు, వాటికి సరైన బదులు కూడా ఇచ్చుకోగలిగేవారు. కానీ ఆ బదులు వారి లోపల వినబడే తీరు చల్లగా, శత్రువు మాటలా ఉండేది. అందుకే ఆయన కరుణ కేంద్రంగా సాగే చికిత్సను రూపొందించారు. ఊపిరి నెమ్మదించడం, గొంతు మెత్తబరచడం, ముఖం సడలించడం అందులో భాగమే. నా గదిలో కూడా అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివిస్తాను. బయటి నుంచి చూసేవారికి నాటకం రిహార్సలులా కనిపిస్తుందేమో, ఫరవాలేదు.

కొందరికి ఆ మెత్తదనం తగలగానే ఏడుపు వస్తుంది. కొందరికి కోపం వస్తుంది. “నా మీద జాలి పడవద్దు” అని లేచి వెళ్లినవారున్నారు. దయను భరించలేకపోవడం కూడా ఉంటుందని ఈ పనిలోకి రాకముందు నేను అనుకోలేదు. అప్పుడు తొందరపెట్టకూడదు. విశ్వవిద్యాలయం ఆవరణలో చెట్ల కింద నడుస్తూ మామూలు విషయాలు మాట్లాడుకోవడం మంచిది.

నా వృత్తి గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏదీ అక్కరలేదు. రెండు రోజుల వర్క్‌షాపు, ఒక విజిటింగ్ కార్డు చాలు. కాబట్టి నాలాంటివారి దగ్గరకు వచ్చే ముందు, మీకు తెలియనిది ఎదురైతే ఎవరి దగ్గరకు పంపుతారు అని అడగండి. నిద్ర పట్టక, తిండి సయించక, బతకడం దండగ అనే మాట ఒక్కసారి వినబడినా అది కోచ్ పని కాదు. అలాంటివారిని నేను రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపుతాను, వీలైతే వెంట వెళతాను. రాత్రివేళ అయితే 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు అది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. నా దగ్గరకు వచ్చిన డిగ్రీ విద్యార్థుల్లో ఈ నంబరు తెలిసినవారు అరుదు. ర్యాంకులు తెలిసినంతగా తెలియదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు, జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలరో, మానసిక నిపుణులో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. మార్కులను బట్టి బ్యాచీలు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానాలి. అత్యున్నత న్యాయస్థానం సంస్థలను చేయవద్దన్న పనినే మీ వ్యాసకర్త ఎవరికి వారే ఇంట్లో అద్దం ముందు చేసుకోమంటున్నారు. కౌన్సెలర్లను నియమించిన సంస్థలు మన ఊళ్లో ఎన్ని ఉన్నాయో, ఆ కౌన్సెలరు అదనంగా లెక్కలు కూడా చెబుతున్నారేమో మీ విలేకరులు ఒకసారి తిరిగి చూస్తే మంచి కథనమే అవుతుంది.

చివరగా మీ పత్రిక సంగతి. ఫలితాలు వచ్చిన మర్నాడు మొదటి పేజీ అంతా ర్యాంకుల ఫోటోలే. మీకు ప్రకటన ఆదాయం అవసరమని నాకు తెలుసు, మానేయమని అడగను. ఆ రోజు ఆ పేజీలోనే ఒక మూల 14416 వేయండి. లోపలి పేజీలో కాదు, చిన్న అక్షరాల్లో కాదు, ఫోటోల పక్కనే. ఉచితంగా వేయడం కుదరదంటే కాలమ్ సెంటీమీటరు రేటు ఎంతో తెలియజేయండి. నేనూ, నా దగ్గరకు వచ్చేవారూ చందా వేసుకుంటాం. పాకాల అమ్మాయి తన వంతు ఇప్పుడే చెప్పేసింది.

నా దగ్గరకు వచ్చేవారిని ఎవరూ గుర్తుపట్టకూడదు కనుక నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక శిక్షకురాలు,
బాలాజీ కాలనీ, తిరుపతి